స్టాటిస్టిక్స్ పీహెచ్‌డీకి రెండు మూడు ఆఫర్లు వస్తే ఎలా తేల్చుకోవాలి

ఫిబ్రవరి వచ్చిందంటే అమెరికా యూనివర్సిటీల స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ల నుంచి మెయిళ్లు మొదలవుతాయి. ఒక్క ఆఫరే వస్తే ఆలోచించే పని తక్కువ. రెండు మూడు వచ్చినవాళ్లకే నిద్ర పట్టదు. ఒకచోట పేరుంది, ఇంకోచోట డబ్బుంది, మరోచోట మీకు నచ్చిన ప్రొఫెసర్ ఉన్నారు. అడుగుదామంటే చుట్టుపక్కల ఎంఎస్‌కి వెళ్లినవాళ్లు వీధికి నలుగురు ఉంటారు గానీ, పీహెచ్‌డీకి, అందులోనూ స్టాటిస్టిక్స్‌లో వెళ్లినవాళ్లు దొరకడం కష్టం. ఎంఎస్‌కి పనికొచ్చే సలహా ఇక్కడ చాలావరకు పనికిరాదు. అక్కడ మీరు ఫీజు కట్టి రెండేళ్లు చదివి ఉద్యోగం వెతుక్కుంటారు. ఇక్కడ ఐదేళ్లు కొందరు మనుషుల మధ్య, వాళ్లిచ్చే జీతంతో, వాళ్ల దగ్గర పని నేర్చుకుంటూ బతుకుతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు ఇవాళ చేయాలనుకుంటున్న టాపిక్ రెండేళ్లలో మారిపోవచ్చు. మీరు మనసులో పెట్టుకున్న ప్రొఫెసర్ వేరే ఊరు వెళ్లిపోవచ్చు. ఈ రెండూ జరిగినా మీరు నిలదొక్కుకోగలిగే డిపార్ట్‌మెంట్ ఏదో వెతికి, అక్కడికి వెళ్లండి. కింద చెప్పే పనులన్నీ ఆ ఒక్కటి తెలుసుకోవడానికే.

మొదట తేదీలు

అమెరికాలో చాలా యూనివర్సిటీలు కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే యూనివర్సిటీల సంఘం చేసిన ఒక తీర్మానానికి ఒప్పుకున్నాయి. ఫండింగ్‌తో ఇచ్చిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 కన్నా ముందే జవాబు చెప్పాలని విద్యార్థిని తొందరపెట్టకూడదు. ఒప్పుకున్న యూనివర్సిటీల జాబితా ఆ కౌన్సిల్ వెబ్‌సైట్లో దొరుకుతుంది. ‘మార్చి 10లోగా చెప్పకపోతే ఫండింగ్ ఉండదు’ అని మీకెవరైనా రాస్తే, కంగారుపడి సరే అనేయకండి. ఆ జాబితాలో వాళ్ల పేరుందేమో చూడండి. ఉంటే, తీర్మానాన్ని ప్రస్తావిస్తూ ఏప్రిల్ 15 దాకా సమయం కావాలని గ్రాడ్యుయేట్ డైరెక్టర్‌కు మర్యాదగా రాయండి. లేకపోతే వాళ్ల గడువే గడువు. ఫండింగ్ లేకుండా ఇచ్చిన ఉత్త అడ్మిషన్‌కు ఈ తీర్మానం వర్తించదు. పీహెచ్‌డీకి ఫండింగ్ లేని అడ్మిట్ వస్తే అది ఆఫర్ల లెక్కలోకే రాదనుకోండి.

ఒకచోట సరేనన్నాక ఏప్రిల్ 15 లోపు మనసు మారితే, రాతపూర్వకంగా తెలియజేసి విరమించుకోవచ్చు. అవకాశం ఉందని దాన్ని అలవాటుగా వాడుకోకండి. స్టాటిస్టిక్స్ చిన్న లోకం. ఇవాళ మీ మెయిల్ చదివిన ప్రొఫెసరే రేపు మీ పేపర్ రివ్యూ చేయవచ్చు.

గడియారం సంగతి కూడా చూసుకోండి. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. ఆ తర్వాత న్యూయార్క్ మనకన్నా తొమ్మిదిన్నర గంటలు, కాలిఫోర్నియా పన్నెండున్నర గంటలు వెనక ఉంటాయి. జూమ్ మీటింగ్ ‘పది గంటలకు’ అన్నారంటే ఎవరి పది గంటలో అడగండి. ఏప్రిల్ 10కల్లా తేల్చుకోవాలని మీకు మీరే గడువు పెట్టుకుంటే పోర్టల్ మొరాయించినా, మెయిల్ ఆలస్యమైనా ఇబ్బంది ఉండదు.

మార్చి చివరి వారం వచ్చేసరికి చేతిలో రెండుకన్నా ఎక్కువ ఆఫర్లు పెట్టుకోకండి. ఫలానా చోటికి వెళ్లనని తేలిన రోజే వాళ్లకు రాసేయండి. మీరు ఖాళీ చేసిన సీటు కోసం వెయిట్‌లిస్ట్‌లో ఇంకొకరు, బహుశా మన ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో కూర్చున్నవాళ్లే, రోజూ మెయిల్ తెరిచి చూసుకుంటూ ఉంటారు.

ఆఫర్ లెటర్‌ను నెమ్మదిగా చదవండి

లెటర్‌లో పెద్ద అంకె ఒకటి కనిపిస్తుంది. కన్ను అక్కడే ఆగిపోతుంది. కానీ ఆ అంకె చుట్టూ ఉన్న మాటల్లోనే అసలు సంగతి ఉంటుంది.

ఆ స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? తొమ్మిది నెలలకైతే వేసవిలో ఏమిస్తారు? ఎన్నేళ్లు ఇస్తామని రాశారు? ‘ఐదేళ్లు ఇస్తాం’ అనడానికీ, ‘సాధారణంగా ఐదేళ్లు దొరుకుతుంది’ అనడానికీ చాలా తేడా ఉంది. మొదటిది మాట ఇవ్వడం, రెండోది అలవాటు చెప్పడం. చదువు సక్రమంగా సాగితేనే అన్న షరతు అన్నిచోట్లా ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు. ట్యూషన్ పూర్తిగా మాఫీ చేసినా, ‘ఫీజులు’ అని విడిగా కొన్ని వందల డాలర్లు ప్రతి సెమిస్టర్‌కూ వసూలు చేసే యూనివర్సిటీలు ఉన్నాయి. హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లే కడతారా, మీ జీతంలోంచి కోస్తారా? ఇవి లెటర్‌లో లేకపోతే అడగండి. అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం వద్దు. గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్ ఉద్యోగంలో సగం ఇలాంటి ప్రశ్నలకు జవాబులివ్వడమే.

ఊహించిన అంకెలతో ఒక లెక్క వేద్దాం. మొదటి ఆఫర్ మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న యూనివర్సిటీ టౌన్, తొమ్మిది నెలలకు 24,000 డాలర్లు. రెండోది శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన, పన్నెండు నెలలకు 42,000. పైకి 18,000 తేడా. మొదటిచోట ఫీజులు ఏడాదికి 1,200, ఇల్లు పంచుకుంటే అద్దె నెలకు 600 అనుకోండి. ఏడాదికి చేతిలో మిగిలేది 15,600. రెండోచోట ఫీజులు లేవు గానీ గదికి నెలకు 1,700. మిగిలేది 21,600. ఇప్పుడు మొదటి డిపార్ట్‌మెంట్ వేసవిలో ఒక కోర్సు చెప్పినందుకు 5,000 ఇస్తుందనుకుంటే, తేడా ఏడాదికి 1,000 డాలర్లకు దిగిపోతుంది. పన్ను తీసేశాక అది ఇంకా తగ్గుతుంది. వేసవి జీతం ఖాయమా కాదా అన్న ఒక్క ప్రశ్న ఈ రెండు ఆఫర్ల తీర్పునే మార్చేసింది. అందుకే మీ లెటర్లోని అంకెలతో ఈ లెక్క మీరే వేసుకోండి. ఊళ్లో ఖర్చెంతో తెలియకపోతే ఎంఐటీ వాళ్ల లివింగ్ వేజ్ కాలిక్యులేటర్‌లో కౌంటీ పేరు కొట్టి చూడండి. డాలర్లను రూపాయల్లోకి మార్చి చూసుకోకండి. అక్కడ సంపాదించి అక్కడే ఖర్చుపెట్టే డబ్బుకు ఆ లెక్క దారి తప్పిస్తుంది.

పన్నులో మనవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం ప్రకారం, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్న భారతీయ విద్యార్థి నాన్‌రెసిడెంట్‌గా రిటర్న్ వేస్తున్నా స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కకు ముందే ఆదాయంలోంచి తీసేసే స్థిర మొత్తం) తీసుకోవచ్చు. మిగతా చాలా దేశాల విద్యార్థులకు ఇది లేదు. టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో జీతం మీద రాష్ట్ర పన్ను ఉండదు. ఆఫర్ అక్కడిదైతే ఆ సంగతీ లెక్కలో కలపండి.

జీతానికి బదులుగా మీరు చేసే పని ఏమిటో చూడండి. ‘50 శాతం అపాయింట్‌మెంట్’ అంటే వారానికి 20 గంటల టీఏ (బోధనలో సాయం) లేదా ఆర్‌ఏ (పరిశోధనలో సాయం) పని. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు ఎఫ్-1 వీసా మీద క్యాంపస్‌లో అంతకుమించి చేయనివ్వరు. అదే 25 శాతమైతే పది గంటలు. మొదటి ఏడాది ఫెలోషిప్ ఇచ్చి టీఏ లేకుండా వదిలేస్తే అది పెద్ద వరం, ఎందుకంటే ఆ ఏడాదే కోర్సులూ, పీహెచ్‌డీలో కొనసాగాలంటే పాసవ్వాల్సిన క్వాలిఫైయింగ్ పరీక్షలూ మీద పడతాయి. కొన్ని యూనివర్సిటీల్లో విదేశీ విద్యార్థులు టీఏగా క్లాసులో నిలబడాలంటే ఇంగ్లిష్ మాట్లాడే పరీక్ష పాసవ్వాలి, లేదా టోఫెల్ స్పీకింగ్‌లో వాళ్లడిగిన మార్కు ఉండాలి. మీ మార్కు సరిపోతుందో లేదో, సరిపోకపోతే మొదటి సెమిస్టర్ జీతం ఎలా వస్తుందో ఇప్పుడే కనుక్కోండి.

‘బయట ఫెలోషిప్ తెచ్చుకుంటే జీతం పెంచుతాం’ అన్న వాక్యం కనిపిస్తే ఎక్కువగా ఆశపడొద్దు. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థలు ఇచ్చే ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్, ఎన్‌ఐహెచ్ ట్రైనింగ్ గ్రాంట్లు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. మన దగ్గరి నుంచి వెళ్లేవాళ్లకు డిపార్ట్‌మెంట్ డబ్బూ, ప్రొఫెసర్ గ్రాంట్ డబ్బూ, ప్రధానంగా ఈ రెండే దారులు.

దిగగానే అయ్యే ఖర్చుకూ డబ్బు చూసుకోవాలి. సెమిస్టర్ పద్ధతి ఉన్నచోట క్లాసులు ఆగస్టులోనో సెప్టెంబరు మొదట్లోనో మొదలవుతాయి. స్టాన్‌ఫర్డ్, షికాగో, వాషింగ్టన్ లాంటి క్వార్టర్ పద్ధతి చోట్ల సెప్టెంబరు చివర్లో. మొదటి జీతం చేతికొచ్చేలోపు ఇంటి డిపాజిట్, ఒక నెల అద్దె, పరుపు, తిండి మీ జేబులోంచే పోవాలి. ఫండింగ్ ఉంది కదా అని వట్టి చేతులతో విమానం ఎక్కకూడదు.

మనుషుల్ని లెక్కపెట్టండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ఆఫర్‌కు రెండు మూడు రోజులైనా కూర్చోవాలి.

ప్రయోగశాల ఉండే కెమిస్ట్రీ, బయాలజీల్లో ఒక ప్రొఫెసర్ తన ల్యాబ్‌కు మనిషి కావాలని తీసుకోవడం మామూలే. స్టాటిస్టిక్స్‌లో చాలావరకు అలా కాదు. అడ్మిషన్ ఇచ్చేది డిపార్ట్‌మెంట్. మొదటి ఏడాది కోర్సులు చదివి, పరీక్షలు రాసి, రెండో ఏడాదిలో అడ్వైజర్‌ను, అంటే థీసిస్‌కు దారి చూపే ప్రొఫెసర్‌ను, వెతుక్కుంటారు. అంటే ఒక ప్రొఫెసర్ జూమ్‌లో మీతో ఎంత ఆప్యాయంగా మాట్లాడినా, ఆయన మీ అడ్వైజర్ అయినట్టు కాదు. మీరూ ఆయనకు కట్టుబడినట్టు కాదు.

గణితవేత్త ఎస్.ఆర్. శ్రీనివాస వరదన్ చదువు సంగతి చూడండి. 1959లో మద్రాసు నుంచి కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ)కు వెళ్లేటప్పుడు ఆయన మనసులో ఉన్నది పరిశ్రమల్లో ఉద్యోగానికి పనికొచ్చే స్టాటిస్టిక్స్. అక్కడ వరదరాజన్, పార్థసారథి, రంగారావు అనే తోటి పరిశోధకులు ఆయన్ను ప్రాబబిలిటీ సిద్ధాంతంలోకి లాక్కొచ్చారు. అడ్వైజర్‌గా పేరున్నది మన సి.ఆర్. రావుదే, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి కలకత్తా వెళ్లిన రావే. కానీ రోజూ బోర్డు ముందు నిలబడి కలిసి నేర్చుకున్నది ఆ తోటివాళ్లతో. 1963లో వచ్చిన వరదన్ థీసిస్‌ను పరీక్షించినవాళ్లలో ప్రసిద్ధ రష్యన్ గణితవేత్త కొల్మొగొరోవ్ ఒకరు. 2007లో వరదన్‌కు గణితంలో ఇచ్చే ఏబెల్ బహుమతి వచ్చింది. వెళ్లేటప్పుడు అనుకున్న సబ్జెక్టు ఒకటి, చేసింది ఇంకొకటి. ఆ మార్పుకు చోటిచ్చింది ఆ సంస్థలో ఉన్న మనుషుల సంఖ్యా, వైవిధ్యమూ.

కాబట్టి ప్రతి ఆఫర్‌కూ ఒక కాగితం తీసుకోండి. డిపార్ట్‌మెంట్ ఫ్యాకల్టీ పేజీ తెరిచి, ఎమెరిటస్ (రిటైరైనవారు) అని ఉన్నవాళ్లను, వేరే డిపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఇక్కడ పేరు మాత్రమే ఉన్నవాళ్లను పక్కన పెట్టండి. మిగిలిన ఒక్కొక్కరి గత మూడేళ్ల పేపర్లు ఆర్కైవ్ (arXiv) వెబ్‌సైట్‌లోనో గూగుల్ స్కాలర్‌లోనో చూడండి. ఇరవై ఏళ్ల కిందట పేరు తెచ్చిన పేపర్ వద్దు, ఇప్పుడు చేస్తున్నది కావాలి. రెండు పేపర్ల ఉపోద్ఘాతం చదవండి. అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ‘ఈ ప్రశ్న మీద ఒక నెల కూర్చోవాలనిపిస్తోందా’ అని మిమ్మల్ని మీరే అడగండి. అవుననిపిస్తే పేరు రాసుకోండి. తర్వాత వాళ్ల దగ్గర ఇప్పుడు ఎంతమంది విద్యార్థులున్నారో, కొత్తవాళ్లను తీసుకుంటున్నారో లేదో వాళ్ల పేజీలో చూడండి. మ్యాథమేటిక్స్ జీనియాలజీ ప్రాజెక్టు అనే వెబ్‌సైట్‌లో ప్రొఫెసర్ పేరు కొడితే ఇప్పటిదాకా ఎవరెవరికి, ఏయే సంవత్సరాల్లో పీహెచ్‌డీ వచ్చిందో కనిపిస్తుంది. పదేళ్లుగా ఒక్కరూ బయటికి రాకపోతే కారణం కనుక్కోవాలి.

చివరికి కాగితం మీద ఎన్ని పేర్లు మిగిలాయి? కనీసం మూడుండాలి. ఒక్కటే పేరుంటే, అది ఎంత గొప్ప పేరైనా, ఆ ఆఫర్ ప్రమాదకరమని నేననుకుంటాను. ఆ మూడు పేర్లలో ఒకరైనా టెన్యూర్ (ఉద్యోగం శాశ్వతం కావడం) వచ్చినవాళ్లు కావాలి. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు విద్యార్థులకు ఎక్కువ సమయమిస్తారు, మీతోపాటు కూర్చుని ప్రూఫ్ రాస్తారు, కోడ్ చూస్తారు. కానీ వాళ్లు వేరే యూనివర్సిటీకి మారడమూ, టెన్యూర్ రాక వెళ్లిపోవడమూ జరుగుతాయి. పెద్ద ప్రొఫెసర్ దగ్గర సమయం తక్కువ దొరుకుతుంది, ఆయన రాసే సిఫారసు ఉత్తరం మాత్రం దూరం వెళ్తుంది. ఇద్దరు అడ్వైజర్లతో కలిసి చేయడం స్టాటిస్టిక్స్‌లో మామూలే, దానికి డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంటుందో లేదో అడగండి.

డిపార్ట్‌మెంట్లకు స్వభావాలుంటాయి, అవి ర్యాంకుల్లో కనపడవు. డ్యూక్‌లో బేయీసియన్ (ముందున్న అంచనాను డేటాతో సవరించుకుంటూ పోయే పద్ధతి) గాలి బలంగా వీస్తుంది. కార్నెగీ మెలన్‌లో స్టాటిస్టిక్స్‌తో మెషిన్ లెర్నింగ్ కలిపి పీహెచ్‌డీ చేసే దారి ఉంది. పెన్సిల్వేనియాలో స్టాటిస్టిక్స్ ఉన్నది వార్టన్ బిజినెస్ స్కూల్లో. నార్త్ కరొలైనా చాపెల్ హిల్‌లో ఆపరేషన్స్ రీసెర్చ్‌తో కలిసి ఒకే డిపార్ట్‌మెంట్, ప్రాబబిలిటీకి అక్కడ పాత సంప్రదాయం ఉంది. అయోవా స్టేట్‌లో సర్వే శాంప్లింగ్ కోసం ప్రత్యేక కేంద్రమే ఉంది. మన దేశంలో శాంపిల్ సర్వేల మీద పనిచేయాలనుకునేవాళ్లకు అలాంటిచోటు, పేరు ఇంకా పెద్దదైన చోటుకన్నా మేలు.

ర్యాంకుల సంగతి క్లుప్తంగా చెప్తాను. స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్లకు యూఎస్ న్యూస్ ఇచ్చే ర్యాంకు తోటి డిపార్ట్‌మెంట్లవాళ్ల అభిప్రాయ సేకరణ మీద ఆధారపడినదే. అందులో నాలుగో స్థానానికీ పదకొండో స్థానానికీ మధ్య తేడాతో ఐదేళ్ల జీవితం తేల్చకూడదు. ఐదుకూ అరవైకీ మధ్య మాత్రం తేడా నిజమైనదే, ముఖ్యంగా మీరు ప్రొఫెసర్ కావాలనుకుంటే.

డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్లో ‘మా విద్యార్థులు ఎక్కడున్నారు’ అనే పేజీ ఉంటుంది. దాన్ని స్టాటిస్టిక్స్ చదివినవాళ్లలాగే చదవండి. ఎవరి పేర్లున్నాయో కాదు, ఎవరివి లేవో చూడండి. ఐదారేళ్ల కింద చేరిన బ్యాచ్ ఫొటోనో పాత విద్యార్థుల జాబితానో వెబ్ ఆర్కైవ్‌లో దొరికితే, అందులో ఎంతమంది పీహెచ్‌డీతో బయటపడ్డారో, ఎంతమంది మాస్టర్స్ తీసుకుని వెళ్లిపోయారో లెక్క తేలుతుంది. మాస్టర్స్‌తో వెళ్లడం తప్పేమీ కాదు, మంచి ఉద్యోగం దొరికి ఇష్టంగా వెళ్లేవాళ్లుంటారు. ఏటా సగం బ్యాచ్ వెళ్లిపోతుంటే మాత్రం అక్కడేదో జరుగుతోంది.

అక్కడ చదువుతున్నవాళ్లతో మాట్లాడండి

మార్చిలో విజిట్ డే పెడతారు. ఇండియా నుంచి విమానం ఖర్చు పెట్టుకుని వెళ్లక్కర్లేదు, జూమ్‌లో చేరితే చాలు. అందులో డిపార్ట్‌మెంట్ ఎంచి కూర్చోబెట్టిన విద్యార్థులు మాట్లాడతారు. వాళ్ల మాట వినండి, కానీ దానితో ఆగకండి. విద్యార్థుల పేజీలో మూడు, నాలుగో ఏడాదివాళ్ల పేర్లు చూసి ముగ్గురికి విడిగా రాయండి. మొదటి ఏడాదివాళ్లకు ఇంకా తెలియదు, ఆఖరి ఏడాదివాళ్లకు ఉద్యోగం హడావుడి. తెలుగు పేరు కనిపిస్తే తప్పకుండా రాయండి. అక్కడ అన్నా, అక్కా అని పిలిచే మనిషి దొరికితే, ఇంగ్లిష్‌లో అడగలేని ప్రశ్నలు అడగగలరు. అయితే ఒక్క తెలుగువారి అనుభవాన్నే మొత్తం డిపార్ట్‌మెంట్‌కు అంటగట్టకండి.

ఏం అడగాలి? ‘ప్రొఫెసర్ మంచివారేనా’ అంటే ఎవరైనా అవుననే అంటారు. జరిగినదాని గురించి అడగండి. అడ్వైజర్‌ను ఎలా కలుస్తారు, వారానికా, నెలకా? పేపర్ డ్రాఫ్ట్ పంపితే ఎన్నాళ్లకు చదివి ఇస్తారు? అడ్వైజర్ మారినవాళ్లెవరైనా ఉన్నారా, మారాక డిపార్ట్‌మెంట్ ఎలా చూసింది? పోయిన వేసవిలో మీకు జీతం ఎక్కడి నుంచి వచ్చింది? ఆరో ఏడాది పట్టినవాళ్లకు ఫండింగ్ దొరికిందా? టీఏ పని నిజంగా వారానికి ఎన్ని గంటలు పడుతుంది? చివరగా, మళ్లీ ఎంచుకోమంటే ఇక్కడికే వస్తారా? ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పేముందు వాళ్లు ఎంతసేపు ఆగారో గమనించండి.

మెయిల్‌లో రాయని విషయాలు ఫోన్‌లో చెప్తారు. పది నిమిషాల కాల్ అడగండి. వాళ్లు చెప్పింది ఎక్కడా రాయకండి, ప్రొఫెసర్ల దగ్గర ఎత్తకండి. నమ్మి చెప్పిన సీనియర్‌కు ఇబ్బంది తేకూడదు.

క్వాలిఫైయింగ్ పరీక్షల గురించి విడిగా అడగండి. ఎన్ని పరీక్షలు, ఎప్పుడు, ఎన్నిసార్లు రాయనిస్తారు, తప్పితే ఏమవుతుంది, గత రెండు మూడేళ్లలో ఎంతమంది తప్పారు. కొన్నిచోట్ల థియరీ, అప్లైడ్ రెండు పేపర్లు మొదటి ఏడాది ముగిసిన వేసవిలోనే ఉంటాయి. కొన్నిచోట్ల కోర్సుల్లో మంచి గ్రేడ్లు తెచ్చుకుంటే పరీక్షే ఉండదు. ఐఎస్‌ఐలో ఎంస్టాట్ (స్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్) చేసినవాళ్లకు మొదటి ఏడాది థియరీ చాలావరకు తెలిసిందే ఉంటుంది, వాళ్లు వెంటనే పరీక్ష రాసి ముందుకు పోవచ్చా అని అడగాలి. ఇంజినీరింగ్ నుంచి వచ్చినవాళ్లకు ప్రాబబిలిటీకి పునాదిగా ఉండే మెజర్ థియరీ అనే గణితం కొత్త. మొదటి ఏడాదే అది మీద వేసే డిపార్ట్‌మెంటా, ఒక ఏడాది ఆగనిచ్చే డిపార్ట్‌మెంటా అన్నది వాళ్లకు ముఖ్యం.

బయోస్టాటిస్టిక్స్ ఆఫర్ కూడా ఉంటే

బయోస్టాటిస్టిక్స్ అంటే వైద్యం, ఆరోగ్యం డేటా మీద పనిచేసే స్టాటిస్టిక్స్. చాలామంది రెండింటికీ దరఖాస్తు చేస్తారు. వాషింగ్టన్, మిషిగన్, హార్వర్డ్, నార్త్ కరొలైనా లాంటిచోట్ల స్టాటిస్టిక్స్ ఒక డిపార్ట్‌మెంట్, బయోస్టాటిస్టిక్స్ పబ్లిక్ హెల్త్ స్కూల్లో ఇంకొకటి. బయోస్టాట్‌లో టీఏ కన్నా ఆర్‌ఏ ఎక్కువ, మొదటి ఏడాదే ఒక వైద్య పరిశోధన బృందంతో కూర్చోబెడతారు. అసలు డేటా, అసలు రోగులు. ఆ పని నచ్చేవాళ్లకు అదే సరైన చోటు. క్లినికల్ ట్రయల్స్ వైపు ఉద్యోగాలు అక్కడా ఉన్నాయి, తిరిగొస్తే హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. అయితే ఆ జీతాలు ఎక్కువగా ఆరోగ్య పరిశోధన గ్రాంట్ల మీద నడుస్తాయి. గ్రాంట్ ఆగితే మీ జీతం ఎవరిస్తారని సూటిగా అడగండి. సిద్ధాంతం మీద, ప్రాబబిలిటీ మీద ప్రేమ ఉన్నవాళ్లు పేరు చూసి బయోస్టాట్‌కు వెళ్లొద్దు.

వీసా, డిపార్ట్‌మెంట్ నిలకడ

స్టాటిస్టిక్స్, బయోస్టాటిస్టిక్స్ రెండూ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉన్నాయి. చదువయ్యాక పన్నెండు నెలల ఓపీటీ (ఎఫ్-1 మీదే అక్కడ ఉద్యోగం చేసే అనుమతి), దానిపై ఇరవైనాలుగు నెలల పొడిగింపు ప్రస్తుతం దొరుకుతున్నాయి. నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీస్ పేజీ చూస్తూ ఉండండి. వీసా ఆలస్యమైతే జనవరికో వచ్చే ఏడాదికో ఆఫర్ వాయిదా వేస్తారా, ఫండింగ్ కూడా అలాగే నిలుస్తుందా అని సరేననే ముందే అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.

2025లో ఫెడరల్ గ్రాంట్ల కోతలతో చాలాచోట్ల పీహెచ్‌డీ సీట్లు తగ్గాయి. నెబ్రాస్కా లింకన్‌లో స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్‌నే ఎత్తేయాలన్న ప్రతిపాదనను యూనివర్సిటీ యాజమాన్యమే పెట్టింది. ఇలాంటిది జరగొచ్చని అంతకుముందు ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. అందుకని ఈ రెండేళ్లలో ఎంతమంది ప్రొఫెసర్లు వెళ్లిపోయారు, కొత్తగా ఎంతమందిని తీసుకున్నారు, ఈసారి ఎంతమంది విద్యార్థులకు ఆఫరిచ్చారు, ఈ మూడూ గ్రాడ్యుయేట్ డైరెక్టర్‌ను అడగండి. డబ్బు సంగతి నిజాయితీగా చెప్పే డైరెక్టర్ ఉన్నచోటు నాకు నమ్మకమైన చోటు, ఆ జవాబు అంత బాగా లేకపోయినా సరే.

ఇంట్లో మాట్లాడండి

ఐదేళ్లా అన్నది మొదటి ప్రశ్న. అంతకాలం ఉద్యోగం లేకుండానా అన్నది రెండోది. అమ్మాయిలకు పెళ్లి మాట కూడా కలుస్తుంది. కోపం తెచ్చుకోకండి. ట్యూషన్ కట్టక్కర్లేదని, నెలనెలా జీతం వస్తుందని, లక్షల్లో లోను అక్కర్లేదని లెటర్ చూపించి అమ్మానాన్నలకు తెలుగులో చదివి వినిపించండి. ఎంఎస్ లోనుల భారం చూసిన ఇళ్లలో ఈ మాటకు విలువ ఎక్కువ. ‘ఆ యూనివర్సిటీ పేరు ఎప్పుడూ వినలేదే’ అంటే ఆశ్చర్యపోకండి. స్టాటిస్టిక్స్‌లో గొప్ప డిపార్ట్‌మెంట్లు కొన్ని మన చుట్టాలెవరూ వినని ఊళ్లలో ఉన్నాయి. అయితే ఇంటికి నెలనెలా డబ్బు పంపాల్సిన అవసరం మీకుంటే అది దాచుకోవాల్సిన విషయం కాదు. మీ లెక్కలో అది అద్దెలాంటి ఖర్చే, దాన్ని బట్టి తక్కువ స్టైపెండ్ ఉన్న ఆఫర్‌ను వదులుకోవడం సబబే.

తేల్చుకుని జవాబు రాయడం

కాగితాలు ఎదురుగా పెట్టుకోండి. బతకడానికి డబ్బు చాలని ఆఫర్‌ను ముందు తీసేయండి. మూడు పేర్లు లేనిదాన్ని తర్వాత తీసేయండి. విద్యార్థులు తడబడిన చోటును ఆ తర్వాత. ఇంకా రెండు మిగిలితే అప్పుడు ర్యాంకు, ఊరు, చలి, ఇండియన్ స్టోర్ ఎంత దూరం, ఇవన్నీ చూసుకోవచ్చు. మిన్నెసోటా చలి నిజమే, కానీ దానికి మంచి కోటు దొరుకుతుంది.

నచ్చిన చోట జీతం కాస్త తక్కువగా ఉంటే ఒకసారి అడిగి చూడొచ్చు. ‘మీ డిపార్ట్‌మెంట్‌కే రావాలని ఉంది, వేరే ఆఫర్‌లో వేసవి ఫండింగ్ ఖాయం చేశారు, మీ దగ్గర మొదటి వేసవికి అవకాశముందా’ అని నిజం రాయండి. స్టైపెండ్ అంకె చాలాచోట్ల అందరికీ ఒకటే కాబట్టి మారదు. ఒకసారికి ఇచ్చే ఫెలోషిప్పో, వేసవి జీతమో, టీఏ తగ్గించడమో కుదరొచ్చు. లేని ఆఫర్‌ను ఉందని చెప్పకండి.

ఒకచోట సరేనన్నాక అదే రోజు మిగిలినవాళ్లకు వద్దని రాయండి. మీతో సమయం గడిపిన ప్రొఫెసర్లకు విడిగా నాలుగు వాక్యాలు రాయండి, ఎక్కడికి వెళ్తున్నారో చెప్పండి. స్టాటిస్టిక్స్ వాళ్ల వార్షిక సభలైన జేఎస్ఎమ్ సమావేశాల్లో ఆగస్టులో వాళ్లే ఎదురవుతారు.

తర్వాత ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) పనులు. స్టైపెండ్ తొమ్మిది నెలలదైతే, ఏడాది ఖర్చుకు తగ్గిన మొత్తానికి బ్యాంకు బ్యాలెన్స్ చూపమని అడగవచ్చు, ఆ కాగితం ముందే సిద్ధం చేసుకోండి. ఐ-20 రాగానే 350 డాలర్ల సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల రికార్డుల కోసం అమెరికా ప్రభుత్వం తీసుకునేది) కట్టి హైదరాబాద్ కాన్సులేట్‌లో స్లాట్ వెతకండి. దొరక్కపోతే చెన్నై, ముంబై కూడా చూడండి. పాత ఆఫర్ లెటర్, కొత్త మెయిళ్లు, ఫండింగ్ గురించి వాళ్లిచ్చిన ప్రతి జవాబూ ఒక ఫోల్డర్‌లో పెట్టి మీ దగ్గర ఉంచుకోండి. మూడో ఏడాదిలో కోఆర్డినేటర్ మారినప్పుడు ఆ మెయిళ్లే మీకు ఆధారం.